పత్తి చేనుకు కొట్టిన మందు వల్లే మా బాబు ఇలా అయ్యాడా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పరకాల దగ్గర పల్లె. మా బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, మాటలు రాలేదు. సీసా మూత దొరికితే గంటసేపు తిప్పుతూ కూర్చుంటాడు. ఆటిజం కావచ్చని ఒక డాక్టర్ అన్నారు. వాడు కడుపులో ఉన్నప్పుడు నాలుగో నెల దాకా పత్తి చేనుకు పోయాను. మా ఆయన మందు కొడుతుంటే పంపులోకి నీళ్లు మోసి పోశాను. ‘నువ్వు చేనుకు పోబట్టే పిల్లగాడు ఇట్లయిండు’ అని మా అత్తమ్మ అంటోంది. టీకాల వల్ల అని ఒకరు, ఫోన్ వల్ల అని ఇంకొకరు. నా తప్పేనా సార్?
– ఒక తల్లి, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ చివరి మాటకు ముందు జవాబు చెప్తాను. మీ తప్పు లేదు. సీజన్‌లో కూలీలు దొరకరు, ఇంటి మనుషులే చేనులో దిగాలి. పత్తి, మిర్చి పండే ఊళ్ల నుంచి వచ్చే తల్లులు ఈ ప్రశ్న తరచుగా అడుగుతారు. చాలామంది అందరూ బయటికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆటిజంలో పెద్ద వాటా జన్యువులదే. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో సుమారు 20 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఆ వాటాను దాదాపు 80 శాతంగా లెక్కగట్టింది. జన్యువులు అనగానే ‘ఎవరి వైపు నుంచి వచ్చింది’ అని ఇంట్లో ఇంకో పంచాయితీ మొదలవుతుంది. అది వద్దు. ఆటిజంతో సంబంధం ఉన్న జన్యువులు వందల్లో ఉన్నాయి. కొన్ని మార్పులైతే తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి.

మిగిలిన భాగాన్ని పర్యావరణ కారణాలు అంటాం. ఇందులోకి గాలి, నీరు, పురుగుమందులే కాదు, చాలా వస్తాయి. తల్లిదండ్రుల వయసు ఎక్కువగా ఉండటం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా అనే వైరస్ జబ్బు సోకడం వంటివన్నీ ఇందులోవే. అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ మాత్రకు. 2013లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనంలో గర్భిణిగా ఆ మాత్ర వాడిన తల్లుల పిల్లల్లో నూటికి నాలుగు మందికి పైగా ఆటిజం కనిపించింది. మొత్తం పిల్లల్లో అది నూటికి ఒకటిన్నర. అంటే ఆ మాత్ర వాడిన తల్లుల పిల్లల్లోనూ నూటికి 95 మందికి ఆటిజం రాలేదు. (ఇది చదివి ఎవరూ ఫిట్స్ మాత్ర సొంతంగా ఆపేయకండి, ప్రాణానికే ప్రమాదం. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడి మాత్ర మార్పించుకోవాలి.)

ఇక మీ పత్తి చేను సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు కొట్టిన పొలాలకు దగ్గరలో ఉన్న గర్భిణుల పిల్లల్లో ఆటిజం అవకాశం సుమారు 60 శాతం ఎక్కువగా కనిపించింది. మన దగ్గర పత్తికి కొట్టే క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఆ రకానివే. 60 శాతం అంటే గుండె జారిపోతుంది కదా! లెక్క ఇలా చూడండి. వెయ్యి మంది పిల్లల్లో పది మందికి ఆటిజం ఉందనుకుందాం. 60 శాతం పెరిగితే పదహారు మంది అవుతారు. మిగతా 984 మంది తల్లులూ ఆ పొలాల పక్కనే ఉన్నారు, వాళ్ల పిల్లలకు రాలేదు. ఆ పదహారు మందిలోనూ ఎవరికి మందు వల్ల వచ్చిందో చెప్పే పరీక్ష ఏదీ లేదు. కాబట్టి మీ బాబు విషయంలో ‘ఇదే కారణం’ అని నేను చెప్పలేను, మీ అత్తగారూ చెప్పలేరు.

అలాగని మందుతో చనువు వద్దు. ఆటిజం మాట పక్కన పెట్టినా అది నరాల మీద పనిచేసే విషం. మళ్లీ గర్భం వస్తే మందు కలపడం, పంపు నింపడం, కొట్టిన చేనులో దిగడం మీ పని కాకూడదు. మీ ఆయన చేను నుంచి రాగానే స్నానం చేశాకే బాబును ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. మంచం కింద మందు డబ్బా, ఖాళీ డబ్బాలో నీళ్లు, ఈ రెండూ ఇంట్లో ఉంటే ఈ రోజే తీసేయండి. మళ్లీ బిడ్డ కోసం చూస్తుంటే ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి.

టీకాల గురించి నిశ్చింతగా ఉండండి. ఆ అనుమానం మొదలైంది తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా మీద. దాన్ని లేపిన 1998 నాటి పరిశోధన వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను చూస్తే ఏ సంబంధమూ లేదు. పైగా పుట్టబోయే బిడ్డను రుబెల్లా నుంచి కాపాడేది ఆ టీకానే. ఫోన్ ఆటిజం తెస్తుందని రుజువు లేదు, కానీ మీతో ఆడుకోవాల్సిన సమయాన్ని అది తినేస్తుంది. ఆపేయండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు వినికిడి పరీక్ష చేయించండి, పిలిస్తే పలకని పిల్లలందరికీ ఇది తప్పనిసరి. నా దగ్గరికి ఇలాంటి పిల్లలు వస్తే కీ ఇచ్చే చిన్న కప్ప బొమ్మను బల్ల మీద వదులుతాను. అది గెంతగానే చాలామంది పిల్లలు బొమ్మను చూసి, వెంటనే అమ్మ మొహంలోకి చూస్తారు, ‘చూశావా’ అన్నట్టు. ఆ రెండో చూపు కోసమే నేను ఎదురుచూస్తాను. అది లేకపోతే పూర్తి పరీక్షలు చేయించి, వెంటనే స్పీచ్, ప్రవర్తన థెరపీలు మొదలుపెట్టిస్తాను. ‘మగపిల్లలకు మాటలు లేటు’ అంటూ ఇంకో ఏడాది ఆగకండి. మీ ఆశా కార్యకర్తను అడిగితే పిల్లల ఎదుగుదల లోపాలు చూసే ప్రభుత్వ డీఈఐసీ కేంద్రానికి రాయిస్తారు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో బుద్ధి ఎదుగుదల లోపాలు ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఇంట్లో రోజూ చేయాల్సినవి తల్లిదండ్రులకు అక్కడ నేర్పిస్తారు.

వెళ్లేటప్పుడు కాన్పు కాగితాలు, బాబు ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. కొత్త చోట ఏడుస్తూ కూర్చుంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. వీలైతే మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి. మీ తప్పేమీ లేదన్న మాట ఆవిడ కూడా డాక్టర్ నోట నేరుగా వినాలి.