నీకేం వచ్చు అని అడిగితే

అమ్మలూ,

డిగ్రీ అయిపోగానే హైదరాబాద్ వెళ్ళి ఏదో కోర్సులో చేరతానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల ఒక్కతే అంత దూరం బయల్దేరడం ఇదే మొదలు. సంతోషమే, కానీ రాత్రంతా నిద్ర లేదు నాకు. ఫీజు కట్టేశావా? కట్టకపోతే ఆగు. ఉద్యోగం గ్యారంటీ అని ముందే డబ్బు గుంజేవాణ్ణి నమ్మకు.

రెజ్యూమె ఒక పేజీ చాలు, ఎక్సెల్ ప్రాక్టీసు చెయ్యి... ఇవి నాకంటే నీకే బాగా తెలుసు.

1994లో విశాఖలో ఒక జీడిపప్పు ఎగుమతుల కంపెనీ స్టోర్స్‌లో గుమస్తా పోస్టుకి నన్ను పిలిచారు. అరువు చొక్కా వేసుకుని పలాసలో రైలెక్కాను. "నీకేం వచ్చు?" అన్నాడు పెద్దాయన. బీకాం అన్నాను. "అది కాగితంలో ఉంది. నీకేం వచ్చు?" "ఏమీ రాదండి, నేర్పితే నేర్చుకుంటాను." అదే వినయం అనుకున్నాను! కాశీబుగ్గ జీడి బట్టీలో ఏడేళ్ళు, సెలవులన్నీ పనిచేసినవాణ్ణి. గుప్పెట్లో పప్పు పోస్తే 240 నంబరో 320 నంబరో చెప్పేవాణ్ణి (320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండు పప్పులు తూగాలి). ఇరవై మంది ఆడవాళ్ళ కూలి లెక్క పైసా తేడా లేకుండా రాసేవాణ్ణి, తూకం దగ్గర గొడవైతే సర్దిచెప్పేవాణ్ణి. ఆయన బల్ల మీదే శాంపిల్ ప్లేటు ఉంది, అందులోది 320 అని కూర్చోగానే తెలిసిపోయింది. అయినా నోరెత్తలేదు. బట్టీ పని అంటే నామోషీ. జీడిపిక్కల నూనెకి నల్లబడ్డ చేతులు బల్ల కింద దాచుకున్నాను. ఉద్యోగం ఇంకొకడికి పోయింది.

నువ్వూ అంతే చేస్తావని నా భయం. నీకేం వచ్చని మొన్న అడిగితే "ఏముంది మావయ్యా" అన్నావు కదే! తిత్లీ తుఫానుకి జీడితోటలు కూలిపోయినప్పుడు, 2018లో, తొమ్మిదో తరగతి పిల్లవి, వీధి వీధంతటికీ నష్టపరిహారం అర్జీలు రాసిపెట్టిందెవరు? మీ అమ్మ డ్వాక్రా సంఘం పుస్తకాలు ఇప్పుడు ఎవరు రాస్తున్నారు? ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయి: ఏ పని, ఎవరికోసం, ఎన్నాళ్ళు, చివరికి ఏమైంది. నాయకత్వ లక్షణాలు, కష్టపడే తత్వం అని నెట్‌లోంచి ఎత్తిరాశావంటే తిడతాను.

రానివి కూడా రాయి. కొత్తవాళ్ళ ఫోనొస్తే మీ అమ్మ చేతికిచ్చేస్తావు. నీకు కావాలనుకునే ఉద్యోగానికి పది ప్రకటనలు చూసి, అన్నిట్లో ఏ పని అడుగుతున్నారో గీత గీసుకో, ఆ కోర్సు అది నేర్పుతుందో లేదో తర్వాత చూద్దాం. ఫోన్ మాట్లాడ్డానికి మాత్రం కోర్సెందుకు, రెండు నెలలు మన షాపులో కూర్చో, ఆర్డర్ల ఫోన్లు నువ్వే ఎత్తుదువుగాని. జీతం ఇస్తాను, తక్కువే అనుకో.

ఆదివారం వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకో. అత్త పనసపొట్టు కూర చేస్తానంది.

మీ మావయ్య