సంఘంలో మన మీద మనమే జోకులేసుకోవచ్చా? ఒకసారి వేసి చేతులు కాల్చుకున్నవాడి జవాబు

ప్రశ్న అడిగినవారి గొడవ ఇది: వాళ్ళ సంఘంలో యువకులు క్రిస్మస్‌కి హాస్య నాటిక వేద్దామనుకుంటున్నారు. పొడుగు ప్రార్థనలు, కానుకల దగ్గర గొప్పలు, ప్రార్థన విన్నపాల పేరుతో చాడీలు, ఇలా మనలో ఉన్నవే చూపిద్దామని. పెద్దలేమో "దేవుని మందిరంలో వెకిలి వేషాలా" అంటున్నారు. తప్పా, ఒప్పా?

తప్పు కాదు. కాకపోతే నాటిక రాసుకున్న కాగితంలో ఎవరి మీద నవ్వబోతున్నారో ముందు ఒకసారి చూసుకోండి. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ, కొండ దిగి వచ్చినవాళ్ళతో నోటికొచ్చిన నాలుగు సవర ముక్కలు. 2011 జనాభా లెక్కల్లో ఒడిశా మొత్తం మీద క్రైస్తవులు 3 శాతం కూడా లేరు. మా జిల్లాలో మాత్రం దాదాపు 38 శాతం. అందులో ఎక్కువమంది కొండల మీది సవర గిరిజనులే. ఊళ్ళో తెలుగు ఆరాధనకు వచ్చే మాలాంటివాళ్ళం కొద్దిమందిమి. సంఘం చిన్నది, సౌండ్ బాక్సులు పెద్దవి.

మా దగ్గర నవ్వు పుట్టించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. వీధిలో "ఏటిరా, ఎటెల్తన్నావు" అని పలకరించే మనిషే మైకు చేతికి రాగానే "కృపాసంపూర్ణుడవైన పరలోకపు తండ్రీ, ఈ దినమున నీ సన్నిధికి వచ్చియున్నాము" అంటాడు. గొంతు కూడా మారిపోతుంది, కొంచెం ముక్కులోంచి వస్తుంది. పాత బైబిలు తెలుగు మా నాలుక మీద అలా పీట వేసుకుని కూర్చుంది. 2015 క్రిస్మస్‌కి మేము వేసిన నాటికలో మొదటి సీను అదే. ఒకాయన టీ కొట్టు దగ్గరకు వెళ్ళి, చేతులు చాపి, అదే గొంతుతో "ఓ టీ కొట్టు యజమానుడా, నీ దాసుడనైన నాకు ఒక గ్లాసు టీని అనుగ్రహించుము, చక్కెరను విస్తారముగా కుమ్మరింపుము" అంటాడు. కొట్టువాడు కళ్ళు మూసుకుని "ఆమేన్, అయిదు రూపాయలు" అంటాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

తర్వాత ప్రార్థన విన్నపాలు. "ఫలానా వారి అమ్మాయి కోసం భారంతో ప్రార్థించండి, విషయం నేను చెప్పకూడదు, చెప్తే బాగోదు" అని మొదలుపెట్టి, ఆ అమ్మాయి ఎవరి బండెక్కిందో బండి నంబరుతో సహా చెప్పేసే ఆంటీ. ఆ వెనక కానుక సంచి. అయిదొందల నోటైతే మడత విప్పి, గాలికి ఆరబెట్టినట్టు పట్టుకుని వేస్తారు. పది నోటైతే పిడికిలి సంచిలో మోచేతి దాకా దిగుతుంది. చిరిగిన నోటు నిలదీయకుండా తీసుకునే చోటు ఊళ్ళో ఇంకెక్కడుంది? నాలుగోది ప్రసంగం సీను. "చివరిగా ఒక్క మాట" అని అయ్యగారు నాలుగుసార్లు అంటారు. మా అయ్యగారు ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువ నవ్వారు. మరుసటి ఆదివారం ప్రసంగంలో "చివరిగా" అన్నారు, మా వైపు చూశారు, నిజంగానే ఆపేశారు. అప్పటికి మాకు రెక్కలొచ్చినట్టే ఉంది.

మీ పెద్దలు వెకిలితనం అంటే వాళ్ళకు అపొస్తలుల కార్యములు తీసి చూపించండి. 20వ అధ్యాయంలో త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతూనే ఉంటాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రకు ఆగలేక మూడో అంతస్తు నుంచి కింద పడతాడు. పౌలు దిగివచ్చి, వాణ్ణి కౌగిలించుకుని, ప్రాణం ఉందని చెప్పి, మళ్ళీ పైకెళ్ళి తెల్లవారేదాకా మాట్లాడతాడు! 12వ అధ్యాయం ఇంకా బాగుంటుంది. పేతురు చెరసాలలో ఉంటే సంఘమంతా ఒక ఇంట్లో చేరి ఆయన కోసం ప్రార్థన చేస్తూ ఉంటుంది. దూత విడిపిస్తే ఆయనే వచ్చి తలుపు తడతాడు. రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తియ్యడం కూడా మరిచిపోయి లోపలికి పరిగెడుతుంది. లోపలివాళ్ళు ఏమన్నారు? నీకు పిచ్చి అన్నారు. అడుగుతున్నది ఆయన కోసమే, వచ్చాడంటే నమ్మరు. లూకా ఇదంతా దాచకుండా రాసిపెట్టాడు. దీనికంటే పెద్ద సంఘం నాటిక మనం రాయలేం.

బయటి దేశాల్లో ఇది పాత సంగతే. అమెరికాలో విట్టెన్‌బర్గ్ డోర్ అని క్రైస్తవులే నడిపిన వ్యంగ్య పత్రిక 1971లో మొదలైంది. 1517లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ ఊళ్ళో, మార్టిన్ లూథర్ అనే సంస్కర్త చర్చి పద్ధతుల మీద ఆక్షేపణలు అంటించాడని చెప్పే తలుపు పేరది. పత్రిక పేరులో ఆ ఊరి ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పు పడింది, దాన్ని అలాగే ఉంచుకున్నారు. మన మీద మనం నవ్వుకోవడం పేరు దగ్గరే మొదలుపెట్టారన్నమాట. 2016లో వచ్చిన బాబిలోన్ బీ అనే సైటును నేనూ కొన్నాళ్ళు చదివాను. మొదట్లో ఆరాధన బృందాల మీదా, సంఘపు అలవాట్ల మీదా మంచి జోకులుండేవి. పోను పోను రాజకీయాల్లో అవతలి పక్షం మీద జోకులు ఎక్కువయ్యాయి. నవ్వు నెమ్మదిగా మన గుమ్మం దాటి పక్కింటి గుమ్మంలో కూర్చుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. నాకు జరిగిందీ అదే, కాకపోతే నాది పక్కిల్లు కూడా కాదు, పక్క బెంచీ.

దానికి ముందు ఇంకో మాట. పెద్దల భయంలో సగం సరైనదే. కంధమాల్ మా పక్క జిల్లా. 2007 డిసెంబరులో, మళ్ళీ 2008 ఆగస్టులో అక్కడ క్రైస్తవుల మీద ఎలాంటి దాడులు జరిగాయో తెలిసిన తరం మాది. అమెరికాలో ఎక్కువమంది క్రైస్తవులే, వాళ్ళ నవ్వు వాళ్ళింట్లో తిరుగుతుంది. ఇక్కడ ముప్పై సెకన్ల ముక్క ఒకటి వాట్సాప్‌లో పడితే అది ఎక్కడ తేలుతుందో, ఎవరు ఏం రాసి పంపుతారో తెలియదు. అందుకే మా నాటికకు ఫోన్లు తియ్యొద్దని ముందే చెప్పాం. అది దాచడం కాదా అని ఒక కుర్రాడు అడిగాడు. తల్లి పిల్లాణ్ణి ఇంట్లో తిట్టడం వేరు, బజార్లో తిట్టడం వేరు అన్నాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా ఒప్పుకోను, బజారు భయంతో ఇంట్లో కూడా తిట్టుకోవడం మానేసిన సంఘాలు చూశాను.

ఇక అసలు విషయం. ఆ నాటికలో అయిదో సీను సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలును సంఘంలో లేచి నిలబడి చెప్పడం. మా సంఘంలో ఒక మామ్మ ఉంది. సవర ఆమె, కొడుకు ఉద్యోగం వల్ల కొండ దిగి ఊళ్ళోకి వచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం సాక్ష్యం సమయంలో లేచి, సగం తెలుగు, సగం ఒడియా, మధ్యలో సవర కలిపి చెప్పేది. క్రియలు ఒక చోట, మనుషులు ఒక చోట. ఆడా మగా తేడా ఉండదు, "అయ్యగారు వచ్చింది, ప్రార్థన చేసింది, జొరం పారిపోయాడు" అనేది. ఆ వేషం నేనే వేశాను. మా ఆవిడ చీర కట్టి, చేతిలో కర్ర పట్టి, అచ్చం ఆమెలాగే "జొరం పారిపోయాడు" అన్నాను. ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. మామ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది చూసి నాకు మరీ ఉత్సాహం వచ్చి, రాసుకోనివి కూడా రెండు కలిపాను.

జనవరిలో ఆమె సాక్ష్యానికి లేవలేదు. ఫిబ్రవరిలో లేవలేదు. నేను గమనించలేదు, మా ఆవిడ గమనించింది. "నీ నాటిక తర్వాత మామ్మ నోరు తెరిచిందా?" అంది.

ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని చేటలో చోళ్ళు ఏరుతోంది. గ్లాసుతో చోడి అంబలి ఇచ్చింది, పక్కన ఉల్లిపాయ పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆరోగ్యం అడిగాను, కొడుకు గురించి అడిగాను. చివరికి "సాక్ష్యం చెప్పడం లేదేం మామ్మా" అన్నాను. ఆమె చేట మీంచి తల ఎత్తలేదు. రాయి ఒకటి ఏరి పక్కన పెట్టి, "నాకు తెలుగు సరీగా రాదు కద బాబూ. నువ్వు బాగా చెప్తావు. నువ్వే చెప్పు" అంది. దెప్పుతున్నట్టు కూడా లేదు, మామూలుగానే అంది. అంబలి గొంతు దిగలేదు.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగే తెలుగని పోట్లాడిన మనిషి. సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, మేమూ దండలు వేసి ఉపన్యాసాలు ఇస్తాం. అదే ఊళ్ళో, ఒక సవర ఆమె మూడో భాషలో కష్టపడి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటుంటే నేను చీర కట్టి వెక్కిరించాను. దానికి మేము పెట్టుకున్న పేరు సంఘపు ఆత్మవిమర్శ.

టీ కొట్టు సీను మా భాష మీద. విన్నపాల సీను, సంచి సీను మా అందరి మీద. "చివరిగా" అన్నది మైకు చేతిలో ఉన్న మనిషి మీద, ఆయన తిరిగి మా మీద వెయ్యగలడు. మామ్మ తిరిగి వెయ్యలేదు. అందుకే మీ కాగితం చూసుకోమన్నాను. తిరిగి మాట అనలేని మనిషి అందులో ఉంటే కొట్టెయ్యండి, ఎంత నవ్వొచ్చినా సరే. మిగిలినవాళ్ళకు ముందే చదివి వినిపించండి. "ఆయన కూడా నవ్వాడు కదా" అనేది లెక్కలోకి రాదు, నలుగురిలో నవ్వక ఏం చేస్తారు?

మరుసటి ఏడు తెలివిమీరాను. ఈసారి జోకు నా మీదే వేసుకుంటానన్నాను. సంఘం లెక్కలు రాసేది నేనే. నాటికలో కోశాధికారి వేషం కట్టి, పుస్తకం తెరిచి గంభీరంగా చదివాను: "కొవ్వొత్తులు 60, ఫినాయిలు 85, చీపురు 40, ఇతరములు 3,000." మళ్ళీ ఇంకో నెల: "పూలు 50, ఇతరములు 4,000." ప్రతి "ఇతరములు" దగ్గరా నవ్వు. నేనెంత నిజాయితీపరుణ్ణో అని నాకే ముచ్చటేసింది. అసలు సంగతేమిటంటే, నా మీద నేనే జోకేసుకుంటే ఇక ఎవరూ అడగరన్న ధీమా లోపల ఎక్కడో ఉంది. టీకా వేయించుకున్నట్టు.

నాటిక అయ్యాక ప్రేమ విందు. బంతిలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, పప్పు కలుపుకుంటూ, "బాబూ, నిజం పుస్తకంలో ఇతరములు ఎంతుంది?" అన్నారు. నవ్వాను. ఆయన నవ్వలేదు. "సరదాకి కాదు, అడుగుతున్నా. ఏడాది లెక్క మీటింగులో చదవలేదు కదా."

జనవరి మీటింగులో చదివాను. సౌండ్ బాక్సులు కొన్న ఏడాది అది. ఇతరములు 3,260 రూపాయలు. ఆటోలు, టీలు, రసీదు లేని చిన్న చిన్నవి పోగా 700 మిగిలాయి. అవి నాలుగు నెలల నా ఫోను రీఛార్జి. సంఘం పనికే కదా ఫోన్లు చేస్తున్నాను అని నాకు నేను చెప్పుకుని రాసుకున్నవి. ఎవరినీ అడగలేదు. మీటింగులో ఆ మాట చెప్పేటప్పుడు చెమటలు పట్టాయి, మైకు లేకుండానే గొంతు ముక్కులోంచి వచ్చింది. 700 కట్టేశాను. ఆ పూట ఎవరూ నవ్వలేదు. అప్పటి నుంచి మా పుస్తకంలో ఇతరములు అన్న గడి లేదు, టీ అయితే టీ అనే రాస్తున్నాం.

మామ్మకు క్షమాపణ చెప్పాను, సంఘం ముందే. ఆమె చెయ్యి ఊపేసింది. ఒప్పుకుందో, వదిలెయ్యమందో నాకు అర్థం కాలేదు. మళ్ళీ సాక్ష్యానికి లేవడానికి ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు తెలుగు జోలికి రాదు. పూర్తిగా సవరలోనే చెబుతుంది, కాలేజీ చదివే మనవరాలు పక్కన నిలబడి తెలుగులో చెబుతుంది. సవరలో మామ్మ మాట పరుగెడుతుంది, చేతులు తిరుగుతాయి, మధ్యలో ఆగి జనాన్ని చూస్తుంది. ఆమెకు ఇంత వాగ్ధాటి ఉందని మాకెవరికీ తెలియదు.

మొన్న ఒక ఆదివారం అలాగే చెబుతూ చెబుతూ నా వైపు వేలు చూపించి ఏదో అంది. సవర తెలిసిన పది పన్నెండు మంది ఒక్కసారి భళ్ళున నవ్వారు. ఒకాయన బెంచీ మీద చెయ్యి కొట్టాడు. నేను మనవరాలి వైపు చూశాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అది మాత్రం తెలుగులో చెప్పను అంకుల్" అంది.