అమ్మకు డిప్రెషన్ ఉంటే నాకూ వస్తుందా? ముందే జీన్ టెస్ట్ చేయించుకోవడం మంచిదా?

చేయించుకోకండి. డిప్రెషన్ వస్తుందో రాదో ముందే తేల్చి చెప్పే జీన్ టెస్ట్ ఇప్పటికి లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఇక వస్తుందా అంటే, తల్లికో తండ్రికో తోబుట్టువుకో డిప్రెషన్ ఉన్నవాళ్లకు మిగతావాళ్లకంటే అవకాశం సుమారు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువన్న మాట నిజమే, అయితే వచ్చి తీరుతుందని కాదు. అమ్మకు ఉండి కూడా జీవితాంతం ఆ ఛాయలకే వెళ్లనివాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఇది మూడు తరాలుగా ఉంది.

మా తమ్ముడికి ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, చేతులు తిమ్మిర్లు, ఇప్పుడే పోతానేమో అన్న భయం వచ్చేవి. ఈసీజీ తీస్తే అంతా నార్మల్. ఈలోపు వాడు ఉమ్ము శాంపిల్ పంపించి ఒక జీన్ టెస్ట్ చేయించుకున్నాడు. రిపోర్టులో ‘ఒత్తిడిని తట్టుకునే శక్తి’ అన్న వరుసకు ఎదురుగా ఒక పచ్చ చుక్క. ఆ చుక్కను పట్టుకుని, నాకున్నది మనసు జబ్బు కాదు, గుండె జబ్బేనని మొండికేసి మళ్లీ గుండె డాక్టర్ల చుట్టూ తిరిగాడు. ఎంతో బతిమాలితే సైకియాట్రిస్ట్ దగ్గరికి వచ్చాడు. అమ్మ, నేను వెంట వెళ్లాం. వాడు కూర్చోగానే చేసిన మొదటి పని ఆ రిపోర్టు తీసి ఆవిడ టేబుల్ మీద పెట్టడం.

ఆవిడ రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు. అమ్మ వైపు తిరిగి, ‘‘మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందామ్మా?’’ అన్నారు.

‘‘అబ్బే, మావాళ్లలో ఎవరికీ లేదండీ.’’ ప్రశ్న పూర్తి కాకముందే అమ్మ జవాబు.

‘‘సరేనమ్మా. ఊరికే కంగారుపడేవాళ్లు? రాత్రిళ్లు నిద్ర పట్టక ఇల్లంతా తిరిగేవాళ్లు? కొన్నాళ్లపాటు మంచం దిగకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయినవాళ్లు?’’

అమ్మ ఒళ్లో బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కాసేపు ఆలోచించింది. ‘‘మా అమ్మ అలాగే ఉండేది. ఎవరు బయటికెళ్లినా తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేది. కాస్త ఆలస్యమైతే ఏడుపే.’’ మళ్లీ ఆగింది. ‘‘మా చిన్నోడు, వీళ్ల మేనమామ, ఉద్యోగం మానేసి గదిలోంచి బయటికి రాలేదు కొన్నాళ్లు. బద్ధకం అని మా నాన్న తిట్టేవాడు.’’ ఆ తర్వాత తల వంచుకుని, ‘‘వీడు పుట్టాక నాక్కూడా బాగోలేదు. బిడ్డను ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు’’ అంది.

ఆ మాట వాడూ నేనూ వినడం అదే మొదటిసారి. డాక్టర్ గారు మాట్లాడుతూనే ఒక కాగితం మీద ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చతురస్రాలు గీసి గీతలతో కలిపారు. ఇబ్బంది ఉన్న నలుగురి గుర్తులను పెన్నుతో నల్లగా నింపారు. పచ్చ చుక్కల రిపోర్టు చెప్పలేని సంగతి ఆ కాగితం చెప్పింది.

ఇక్కడే చాలా కుటుంబాలు పొరపడతాయి. అమ్మకు డిప్రెషన్ ఉంది కాబట్టి నాకూ డిప్రెషనే రావాలి అనుకుంటారు. అలా ఏం లేదు. అమెరికాలోని వర్జీనియాలో ఆడ కవలల మీద కెన్నెత్ కెండ్లర్ అనే సైకియాట్రిస్ట్ బృందం 1992లో చేసిన పని చూడండి. డిప్రెషన్‌కీ, ఎడతెగని ఆందోళనకీ జన్యువుల వైపు నుంచి వచ్చే ముప్పు దాదాపు ఒకటే అని తేలింది. అది ఏ రూపంలో బయటపడుతుందన్నది ఎక్కువగా జీవితంలో ఎదురైనవాటి మీద ఆధారపడుతుందట. మా అమ్మమ్మ కంగారు, మావయ్య గది, తమ్ముడి గుండె దడ అన్నీ ఒకే కొమ్మకు కాసినవేనని నా నమ్మకం.

మరి ఆ రిపోర్టు దేన్ని చూసి పచ్చ చుక్క పెట్టింది? నరకణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని నరకణంలోకి వెనక్కి లాక్కునే ప్రోటీన్‌కి సంబంధించిన జన్యువు, ఎస్ఎల్‌సీ6ఏ4. దీనికి పొట్టి రకం, పొడుగు రకం ఉన్నాయి. పొట్టి రకం ఉన్నవాళ్లు కష్టాలొస్తే డిప్రెషన్‌లోకి జారతారని 2003లో న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 847 మందిని చూసి రాశారు. ప్రపంచమంతా ‘డిప్రెషన్ జీన్ దొరికింది’ అని ఊదరగొట్టారు. 2009లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే ఆ సంబంధం కనబడలేదు. 2019లో ఇలా పేరుమోసిన 18 జన్యువులను లక్షలమంది డేటాతో పరీక్షిస్తే, కళ్లు మూసుకుని ఏవో 18 జన్యువులు ఎంచుకున్నదానికంటే మెరుగేమీ లేదని తేలింది. దొరికిందన్న వార్త మొదటి పేజీలో వేస్తారు, లేదని తేలిన వార్త ఎక్కడా కనబడదు. ఆ పాత వార్త మీదే ఇంకా కిట్లు అమ్ముకుంటున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

వెతుకులాట వృథా అనడం లేదు. 2013లో తొమ్మిది వేల మందికి పైగా రోగుల జన్యువులు గాలించినా గట్టిగా నిలిచే గుర్తు ఒక్కటీ దొరకలేదు. 2018కి జన్యువుల్లో డిప్రెషన్‌తో ముడిపడ్డ 44 చోట్లు, 2019కి 102, 2025లో 6,88,000 మందికి పైగా రోగుల డేటాతో దాదాపు 700 తేడాలు తేలాయి. వీటిలో ఒక్కొక్కదాని బలం చాలా చాలా చిన్నది. కొత్త మందులకు దారి చూపడానికి అవి పనికొస్తాయి. మీ ఒక్కరి భవిష్యత్తు చెప్పడానికి పనికిరావు. పైగా ఈ డేటాలో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే. మిగతా జనాలకు అవే లెక్కలు అంత బాగా సరిపోవు.

‘డిప్రెషన్ 37 శాతం వంశపారంపర్యం’ అని కూడా చదివే ఉంటారు. కవలల అధ్యయనాల నుంచి వచ్చిన అంకె అది. మీకు వచ్చే అవకాశం 37 శాతం అని దానర్థం కాదు. జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వాటా అంత అని చెప్పడమే. దీన్ని తప్పుగా చదివి బెంబేలెత్తిన వాళ్లను చూశాను.

కాబట్టి టెస్టుకు పెట్టే డబ్బు, ఓపిక ఇంట్లో పెద్దవాళ్లను అడగడం మీద పెట్టండి. జబ్బు పేరు పెట్టి అడిగితే లేదనే అంటారు. నిద్ర గురించి, భయాల గురించి, పనికి వెళ్లలేని రోజుల గురించి అడగండి. ఎవరైనా ఆత్మహత్యకు ప్రయత్నించి ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పాలి. అమ్మకు ఏ మందు పడిందో, ఏది పడలేదో రాసిపెట్టుకోండి. ముఖ్యంగా, ఎవరికైనా కొన్నాళ్లు నిద్ర అవసరమే లేనంత ఉత్సాహం, విచ్చలవిడి ఖర్చు, ఆ తర్వాత కుంగిపోవడం లాంటివి ఉండేవేమో కనుక్కోండి. అది బైపోలార్ అయి ఉండొచ్చు. అలాంటి కుటుంబాల్లో డిప్రెషన్ మందు ఎంచుకునేటప్పుడు డాక్టర్లు మరింత జాగ్రత్తగా ఉంటారు, కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడే ఆ సంగతి చెప్పండి.