కొత్త సూపర్‌మ్యానా, మ్యాన్ ఆఫ్ స్టీలా అని కొట్టుకునే ముందు వాళ్ల నాన్నల్ని చూడండి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: హనుమకొండలో మీ రూమ్‌లో సగం మంది 2025 సూపర్‌మ్యాన్ వైపు, మిగతా సగం 2013 మ్యాన్ ఆఫ్ స్టీల్ వైపు, రాత్రి పొద్దుపోయేదాకా ఒకటే లొల్లి, ఇంటి ఓనర్ కూడా వచ్చి తలుపు కొట్టాడు. నువ్వేమో రెండూ సగం సగం చూశావు, 1978లో వచ్చిన మొదటి పెద్ద సూపర్‌మ్యాన్ సినిమా అసలే చూడలేదు. ఇంతకీ ఎవరు కరెక్టు, ఏది ముందు చూడాలి అని.

నా ఓటు కొత్తదానికే. కానీ మీ రూమ్‌లో జాక్ స్నైడర్ (మ్యాన్ ఆఫ్ స్టీల్ డైరెక్టర్) బ్యాచ్ చెప్పేదాన్ని తీసిపారేయడానికి లేదు, వాళ్ల సినిమాలో ఒక విషయం కొత్త సినిమా కంటే మన ఇళ్లకు దగ్గరగా ఉంటుంది, అది వాళ్లకే తెలిసినట్టు లేదు. కథ మొత్తం చెప్పేస్తాను కాబట్టి సగంలో ఆపినవి పూర్తిగా చూద్దామనుకుంటే ఇక్కడే ఆగు.

ముందు పనికిరాని వాదనలు పక్కన పెడదాం. ఎర్ర చెడ్డీ ఉందా లేదా (2013లో తీసేశారు, 2025లో మళ్లీ వేశారు), రంగులు మసకగా ఉన్నాయా మెరుస్తున్నాయా, ఇవి అరగంట టైంపాస్‌కి బాగుంటాయి. కలెక్షన్ల గొడవ అంతకంటే దండగ. మ్యాన్ ఆఫ్ స్టీల్‌కి ప్రపంచం మొత్తం మీద సుమారు 67 కోట్ల డాలర్లు వచ్చాయి, కొత్తదానికి దాదాపు 62 కోట్లు, పన్నెండేళ్లలో టికెట్ రేటు ఎంత పెరిగిందో అందరికీ తెలుసు, అయినా ఆ డబ్బులో మీ రూమ్ కిరాయికి ఒక్క రూపాయి రాదు కదా. ఇంకొకటి, "అసలు సూపర్‌మ్యాన్ ఎవరినీ చంపడు, స్నైడర్ చంపించి పాడుచేశాడు" అనే వాదన. 2013లో జాడ్ అనే విలన్ ఒక కుటుంబాన్ని కళ్లలోంచి వచ్చే మంటతో కాల్చబోతుంటే వేరే దారి లేక మెడ విరుస్తాడు, విరిచి గొంతు పగిలేలా అరుస్తాడు. అదే 1978 సినిమాకు 1980లో వచ్చిన రెండో భాగంలో, శక్తులు పోయి మామూలు మనిషైపోయిన జాడ్‌ను మంచుకోటలో గోడకేసి విసిరితే వాడు కిందికి జారి పొగమంచులో కలిసిపోతాడు, సూపర్‌మ్యాన్ మొహంలో చిన్న నవ్వు. ఏది ఎక్కువ క్రూరమో మీ రూమ్‌లో పాత సినిమా అభిమాని ఎవరైనా ఉంటే అడుగు.

నేను ఇవన్నీ ఎన్నోసార్లు చూశాక నాకు తేలింది ఒక్కటే. ఈ సినిమాల్లో అసలు తేడా హీరోలో కాదు, తండ్రుల్లో ఉంది. సూపర్‌మ్యాన్‌కు ఇద్దరు తండ్రులు కదా, అతను పుట్టిన క్రిప్టాన్ గ్రహంలో కన్న జోర్-ఎల్, అమెరికాలోని కాన్సాస్‌లో క్లార్క్ అని పేరు పెట్టి పెంచిన జోనథన్ కెంట్. వీళ్లిద్దరిలో ఎవరు ఏం చెప్పారు, ఎవరి మాట నెగ్గింది అన్నదాన్ని బట్టి సినిమా మారిపోతుంది.

1978లో రిచర్డ్ డోనర్ తీసినదాంట్లో జోర్-ఎల్ మార్లన్ బ్రాండో. ఆయన దేవుడి లెక్క మాట్లాడతాడు, మనుషుల చరిత్రలో వేలు పెట్టొద్దని కొడుక్కి గట్టిగా చెప్తాడు. పెంచిన తండ్రి గ్లెన్ ఫోర్డ్, తెర మీద ఉండేది కాసేపే. కొడుకుతో మాట్లాడుతూ, నువ్వు ఇక్కడికి ఏదో పని మీదే వచ్చావురా అని చెప్పి, ఇంటి వైపు నడుస్తూ చెయ్యి పట్టుకుని ఆగి, అంతే, గుండెపోటుతో కూలిపోతాడు. ఎన్ని శక్తులున్నా నాన్నను కాపాడలేకపోయానని స్మశానంలో ఆ పిల్లాడు అమ్మతో అంటాడు. చివర్లో అతను ప్రేమించే లోయిస్ చనిపోయినప్పుడు భూమి చుట్టూ ఎగిరి కాలాన్ని వెనక్కి తిప్పుతాడు చూడు, దాన్ని చూసి అందరూ నవ్వుతారు, సైన్స్ పరంగా అది నవ్వాల్సిందే. కానీ అతను ఆకాశంలో ఆగి ఇద్దరు తండ్రుల గొంతులు విని కన్నతండ్రి వద్దన్న పనే చేస్తాడు. ఒక్కసారి ఓడిపోయాను, రెండోసారి ఓడను అన్న మొండితనం అది.

ఇప్పుడు 2013. ఇది నేను హనుమకొండలో చదువుకుంటున్న రోజుల్లో వచ్చింది, థియేటర్ నుంచి బయటికి వచ్చాక చెవులు కాసేపు పనిచేయలేదు, హాన్స్ జిమ్మర్ డ్రమ్ములు అట్లుంటాయి. ఇందులో లెక్క తిరగబడింది. కన్నతండ్రి రస్సెల్ క్రోనేమో నువ్వు లోకానికి దారి చూపిస్తావు బిడ్డా అంటాడు. పెంచిన తండ్రి కెవిన్ కాస్ట్నర్ దాచుకో, బయటపడకు అంటాడు. స్కూల్ బస్సు నదిలో పడితే క్లార్క్ నీళ్లలోకి దిగి బస్సును ఒడ్డుకు నెట్టి పిల్లలందర్నీ కాపాడతాడు. దాని మీద నాన్న మందలిస్తే, మరి చావనియ్యాలా అని అడుగుతాడు. కెంట్ తల దించుకుని "ఏమో, కావచ్చు" అన్నట్టు మాట్లాడతాడు. స్నైడర్ అంటే పడనివాళ్లకు సినిమా మొత్తంలో మండేది ఈ ఒక్క మాటకే, సూపర్‌మ్యాన్‌ని పెంచిన మనిషి నోట అట్లాంటి మాటా అని.

నాకు మాత్రం అది మస్తు తెలిసిన గొంతులా వినిపించింది. మనకెందుకు బిడ్డా, గమ్మునుండు, పెద్దోళ్లు చూసుకుంటరు. మన దగ్గర ఈ మాట వినకుండా పెరిగినవాడు ఎవడున్నాడు? ఉద్యమం రోజుల్లో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) మొదటి గేటు దగ్గరికి పోతానని నేను చెప్పులేసుకుంటే మా బాపు గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. ఆయనకు తెలంగాణ రావొద్దని కాదు, ఊళ్లో అందరికంటే ముందు రోడ్డెక్కినవాడే, కానీ కొడుకు వంతు వచ్చేసరికి కాళ్లు ఆడలేదు. కెంట్ కూడా అంతే. పిల్లాడి సంగతి బయటపడితే లోకం వాణ్ని ఏం చేస్తుందోనన్న భయం తప్ప మనిషిలో చెడ్డతనం లేదు. సుడిగాలి సీన్‌లో కుక్కను విడిపించడానికి వెనక్కి పోయి, కాలు దెబ్బ తిని, గాలి మీదికి వస్తుంటే కొడుక్కి రావొద్దని చెయ్యి చూపిస్తాడు. దానికి కాసేపటి ముందే కారులో క్లార్క్ నువ్వేం మా నాన్నవి కాదు, పొలంలో దొరికితే తెచ్చుకున్నావంతే అని ఉంటాడు, అది మర్చిపోవద్దు.

మా బాపు ఈ సీన్ టీవీలో చూసి ఒకటే కోపం. "అట్లెట్ల నిలబడ్డడు వాడు? కన్నకొడుకు కాకపోతే ఏంది, పెంచినోడు గాలికి పోతుంటే చూస్తడా?" గడప మీద కూర్చున్న సంగతి నేను గుర్తు చేయలేదు. కానీ ఆయన కోపంలో న్యాయం ఉంది. 1978లో నాన్నను కాపాడటం చేతకాదు, అందుకే ఏడుపొస్తుంది. 2013లో చేతనవుతుంది, కానీ కాపాడడు, అందుకే ఒళ్లు మండుతుంది. అక్కడ ఒప్పుకున్నవాళ్లకు మ్యాన్ ఆఫ్ స్టీల్ గొప్ప సినిమా, ఒప్పుకోనివాళ్లకు తర్వాత మెట్రోపొలిస్ నగరంలో బిల్డింగులన్నీ కూలడం వట్టి చప్పుడు. మీ రూమ్ రెండుగా చీలింది కూడా అక్కడేనని నా అనుమానం, వాళ్లు చెడ్డీ గురించి కొట్లాడినా సరే.

కొత్తది జేమ్స్ గన్ తీశాడు, డేవిడ్ కోరెన్‌స్వెట్ హీరో, 2025 జులైలో వచ్చింది. ఇందులో చిక్కు కన్నవాళ్ల దగ్గరే మొదలవుతుంది. క్రిప్టాన్ నుంచి అమ్మానాన్న పంపిన వీడియో సగం పాడైపోయి ఉంటుంది, దొరికిన సగంలో నిన్ను ప్రేమిస్తున్నాం, మంచి చెయ్యి అని ఉంటుంది, దాన్నే మందులాగా మళ్లీ మళ్లీ చూసుకుంటూ బతుకుతుంటాడు. విలన్ లెక్స్ లూథర్ ఆ రెండో సగం బయటికి తీయించి లోకమంతా వేసి చూపిస్తాడు. అందులో ఉన్నదేంటంటే, అక్కడివాళ్లు బలహీనులు, నువ్వు వాళ్లను ఏలుకో అని. పాత అభిమానులకు ఇది పెద్ద దెబ్బ, జోర్-ఎల్‌ను విలన్ చేశారని గగ్గోలు. నాకేమో సినిమా మొత్తంలో తెలివైన పని అదే అనిపించింది. బ్రాండో దగ్గర్నుంచి మనం ఆ కన్నతండ్రిని దేవుడిలా చూస్తూనే ఉన్నాం, ఒక్కసారైనా ఆ పటాన్ని గోడ మీంచి దించాలి కదా.

దించాక మిగిలింది ఎవరు? పల్లెటూరి ముసలాయన, ముసలమ్మ. ఫోన్ చేస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవాళ్లు, సరిగ్గా మన ఇళ్లలో స్పీకర్ ఆన్ చేసి అరిచినట్టు. పెంచిన తండ్రిగా ప్రూట్ టేలర్ విన్స్ అనే నటుడు చేశాడు, కాస్ట్నర్ లాంటి అందగాడు కాదు, బనీను మీద వాకిట్లో కూర్చునే మన కాక లెక్కుంటాడు. కొడుకు ఒంట్లో శక్తి లేకుండా ఇంటికొచ్చి పడుకుంటే, లేచాక బయట పక్కన కూర్చుని మాట్లాడతాడు. నువ్వు ఇట్లా ఉండాలి అని పిల్లలకు చెప్పడం తల్లిదండ్రుల పని కాదు, వాళ్ల తప్పులు వాళ్లు చేసుకునేంత సత్తువ ఇవ్వడమే మా పని అన్న అర్థంలో. చెప్తూ చెప్తూ గొంతు పట్టేస్తుంది ఆయనకు. మా బాపును హనుమకొండలో తెలుగు డబ్బింగ్ షోకి తీసుకుపోయాను, ఆ సీన్ నడుస్తుంటే ఆయన సమోసా తినడం ఆపలేదు, పెద్దగా పట్టించుకోలేదేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మకు కథ చెప్పింది మాత్రం ఆ సీన్ దగ్గర్నుంచే, ఇందులో సూపర్‌మ్యాన్‌తో ఉండే కుక్క సంగతి కూడా తర్వాతే.

చివర్లో దెబ్బలు తగిలి పడుకున్నప్పుడు రోబో వచ్చి అమ్మానాన్నల వీడియో పెట్టమంటావా అంటే సరే అంటాడు, తెర మీద వచ్చేది క్రిప్టాన్ వాళ్లు కాదు, కాన్సాస్ ఇంట్లో చిన్నప్పుడు తీసిన వీడియోలు. మాట సాయం లేకుండా ఇంత చెప్పిన సీన్ మిగతా సూపర్‌మ్యాన్ సినిమాల్లో నాకు కనపడలేదు.

"ఇదంతా అమెరికా వాళ్ల కథ, మనకేం ఎక్కుతుంది" అని మీవాళ్లలో ఒకడన్నాడని రాశావు. వాడు మన జిల్లావాడేనా? మేడారం పోయినప్పుడు చెప్పుకునే కథ ఏంటి? వేటకు పోయిన కోయ దొరలకు అడవిలో పులుల నడుమ పసిబిడ్డ దొరికింది, తెచ్చి సమ్మక్క అని పేరు పెట్టి పెంచుకున్నారు. ఆ బిడ్డను ఎవరు కన్నారు, ఎక్కడి నుంచి వచ్చింది అని ఎవరూ ఆరా తీయరు. ఎవరు పెంచారు, వాళ్ల కోసం ఆ తల్లి కాకతీయుల సైన్యంతో ఎట్లా తలపడింది అన్నదే జాతర. ఆకాశం నుంచి పడ్డ పిల్లాణ్ని ఒక రైతు జంట ఎత్తుకుని పెంచిన కథ మనకు ఎక్కకపోతే ఇంకెవరికి ఎక్కుతుంది. అసలు మన తెలుగులోనే 1980లో ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్ వచ్చింది, అందులో శక్తులు ఇచ్చేది గ్రహాంతరవాసులు కాదు, ఆంజనేయస్వామి. 2024లో హనుమాన్ సినిమాకు కూడా మనవాళ్లు మళ్లీ ఆ స్వామి దగ్గరికే పోయారు.

కొత్తదాంట్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత్రలు సంతలో జనం లెక్క ఎక్కువైపోయాయి, గ్రీన్ లాంతర్, హాక్‌గర్ల్, మిస్టర్ టెరిఫిక్ అని వేరే సూపర్‌హీరోలు, వాళ్లలో టెరిఫిక్ ఒక్కడే గుర్తుంటాడు. వేరే లోకంలో జైలు అంటూ నడిచే భాగం గ్రాఫిక్స్ వరదలా సాగి సాగి విసుగొస్తుంది. మన దేశంలో సెన్సార్ వాళ్లు ముద్దు సీన్‌లో 33 సెకన్లు కోసేశారు, మనుషులు గుద్దుకుని నగరాలు కూలిపోవచ్చు గానీ అది మాత్రం కుదరదట. అయినా ఫలాఫెల్ (శనగల వడల లాంటి తిండి) అమ్ముకునే మాలిక్ అనే ఆయన గుంతలో పడ్డ సూపర్‌మ్యాన్‌కు చెయ్యిచ్చి లేపే సీన్ ఉంది చూడు, ఆ తర్వాత లెక్స్ ఆయన్ను ఏం చేస్తాడో చూశాక లెక్స్ మీద వచ్చే కోపం నిజం కోపం. అట్లాంటి మామూలు మనిషి మ్యాన్ ఆఫ్ స్టీల్‌లో ఒక్కడు గుర్తున్నాడా అని మీ స్నైడర్ బ్యాచ్‌ను అడుగు.

ఇక చూసే వరస. 1978, తర్వాత 2013, తర్వాత 2025. 2006లో వచ్చిన సూపర్‌మ్యాన్ రిటర్న్స్‌లో విమానాన్ని స్టేడియంలో దించే సీన్ యూట్యూబ్‌లో చూసుకో, మిగతాది తీరిక ఉంటేనే. మ్యాన్ ఆఫ్ స్టీల్‌ను ఫోన్‌లో చూడకు, ఎవరిదైనా ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్ అడుక్కో. కొత్తదాంట్లో లోయిస్ ఇంట్లో కూర్చుని సూపర్‌మ్యాన్‌ను ఇంటర్వ్యూ చేసే సీన్ కొట్లాట లేదు కదా అని ముందుకు జరపొద్దు, నీకు అందరికంటే ఎక్కువ పనికొచ్చేది అదే, మీ రూమ్‌లో వాదించుకునేవాళ్లకు వాదన ఎట్లా నడపాలో అందులో ఉంది. 1978దాంట్లో దాదాపు ముప్పావు గంట దాకా ఆ నీలం డ్రెస్సే కనపడదు, అందరూ అక్కడే బోర్ అని ఆపేస్తారు. పెంచిన తండ్రి ఉండేది ఆ ముప్పావు గంటలోనే, అప్పటిదాకా ఫోన్ పక్కన పెట్టు.