శ్రీసిటీ కంపెనీ రేపు వియత్నాం పోతే మావాడి గతేంటి?

శ్రీకాళహస్తి నుంచి ఒక తండ్రి రాశారు. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గర విడిభాగాల కంపెనీలో పన్నెండేళ్లు పనిచేశారట. ఆ పనిని వియత్నాంకు తరలించి లైన్ మూసేశారు. ఇప్పుడు సెక్యూరిటీ గార్డుగా ఉన్నారు. కొడుకు తిరుపతిలో ఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చదువుతున్నాడు, అయిపోగానే తడ దగ్గరి పారిశ్రామిక కేంద్రం శ్రీసిటీలో ఏదైనా కంపెనీలో చేరతానంటున్నాడు. ఈయన మాత్రం అర ఎకరం అమ్మైనా బీటెక్ ఏఐలో చేర్పిస్తానంటున్నారు. రెండింట్లో ఏది మేలని ప్రశ్న.

అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, నలభై దాటాక కొడుకు కూడా మీలా రోడ్డున పడతాడేమోనన్నదే మీ అసలు భయం. అది ఉత్త భయమేమీ కాదు. నోకియా 2008లో జర్మనీలోని బోహుమ్ ఫ్యాక్టరీ మూసి రుమేనియాకు వెళ్లింది. నాలుగేళ్లు తిరక్కుండానే అక్కడా మూసేస్తామంది. 2006లో మొదలైన నోకియా శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ కూడా, పన్ను గొడవ నడుస్తుండగానే 2014 నవంబరులో మూతపడింది. ఆ కార్మికులెవరికీ పని రాక కాదు. కూలీ, పన్ను, రవాణా లెక్కలు మారితే పనిమంతుల ఉద్యోగాలూ పోతాయి. మీదీ అలా పోయిందే, అందులో మీ తప్పు లేదు.

ఇక ఏఐ సీటు. పాఠం చెప్పేదెవరో, ల్యాబ్‌లో ఏముందో చూడకుండా బ్రాంచి పేరు చూసి డబ్బు కట్టేవాళ్లు నా దగ్గరికి ఎంతోమంది వస్తుంటారు. బెంగళూరు సాఫ్ట్‌వేర్ పని కూడా అమెరికాలో ఖర్చు ఎక్కువని ఇక్కడికొచ్చిందే. వచ్చిన దారినే పోదని మీకు ఎవరు హామీ ఇచ్చారు? పైగా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న కోడింగ్ పనులే ముందుగా ఏఐ చేతిలోకి పోతున్నాయి. మీవాడు ఇంట్లో మోటార్లు విప్పి బాగుచేస్తాడని మీరే రాశారు. కోడింగ్ ఇష్టమేనా అని వాణ్ని ఒక్కసారైనా అడిగారా? మీకు తగిలిన దెబ్బకు వాడి చదువును, ఆ పొలాన్ని బలిపెట్టడం ఏం న్యాయం?

అలాగని ఫ్యాక్టరీలో ఏ పనైనా ఒకటేనని చెప్పను. స్క్రూలు బిగించడం, ప్యాకింగ్ లాంటివి లైన్‌తోపాటే పోతాయి. లైన్ ఆగినప్పుడు ప్యానెల్ తెరిచి, సెన్సర్ పోయిందా, వైరు ఊడిందా, మెషిన్లను నడిపే చిన్న కంప్యూటర్ (పీఎల్‌సీ) ప్రోగ్రాంలో తేడా వచ్చిందా అని పట్టుకునేవాడి సంగతి వేరు. శ్రీసిటీలో ఏసీలు చేసే డైకిన్‌కైనా, మెట్రో బోగీలు చేసే అల్‌స్టామ్‌కైనా, కరకంబాడిలో బ్యాటరీలు చేసే అమరరాజాకైనా అలాంటివాడు కావాలి. ఒకచోట మూసేసినా ఇంకోచోట అడగగలడు. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, షిఫ్టులు కష్టమే. ఆ రెండూ తెలిసే చేరాలి.

డిప్లొమాలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది కదా, అందులో మెయింటెనెన్స్ విభాగమే అడగమనండి. ఉద్యోగం వచ్చినప్పుడు కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టర్ కిందా అన్నది కాగితం మీద చూశాకే సంతకం పెట్టమనండి. రెండేళ్లు చేశాక బీటెక్ కావాలనిపిస్తే, డిప్లొమా వాళ్లు నేరుగా రెండో ఏడాదిలో చేరడానికి రాసే ఈసెట్ ఎలాగూ ఉంది. అప్పుడు ఏ బ్రాంచో వాడే చెప్తాడు. పొలం జోలికి మాత్రం పోకండి.