టెక్ సందేహాలు: ట్యాంకు పొంగినా, మోటారు మొరాయించినా ముందు బోర్డు మార్చకండి

ఈ వారం వచ్చిన ప్రశ్నలు చాలావరకు నీళ్లవే. ఒకటి మాత్రం పెట్రోలుది. వాటిలో సగానికి పైగా చివర "బోర్డు పోయిందంటున్నారు, మార్చమంటారా?" అనే మాట ఉంది. బోర్డు (మోటారునో, మెషిన్‌నో నడిపే ఎలక్ట్రానిక్ పలక) జోలికి వెళ్లే ముందు, నీళ్లు తగిలే చోటు ఒకసారి చూడండి.

ప్రశ్న: భోగాపురం దగ్గర సముద్రం పక్క ఊరు మాది. బోరు నీళ్లు ఉప్పన. రెండేళ్ల కిందట ట్యాంకుకు స్టీలు కడ్డీల సెన్సర్లున్న ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించాం. ఇప్పుడు ఒకరోజు సగం ట్యాంకుకే మోటారు ఆగిపోతోంది, ఇంకోరోజు పొంగి గోడంతా తడిసిపోతోంది. ఏం చేయాలి?

ఈ రెండు తేడాలకూ కారణం కడ్డీల దగ్గరే ఉండొచ్చు. కంట్రోలర్ ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి నీళ్ల గుండా చాలా చిన్న కరెంటు పంపి, అది చేరిందా లేదా అని చూస్తుంది. చవక బోర్డుల్లో ఆ కరెంటు డీసీ, అంటే ఎప్పుడూ ఒకే వైపు పారేది. డీసీ అయితే ఒక కడ్డీ మెల్లగా కరిగిపోతుంది, రెండోదానికి తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఉప్పు నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. సున్నం పట్టిన కడ్డీకి నీళ్లు తగిలినా కరెంటు అందదు. ట్యాంకు నిండిందని బోర్డుకు తెలియదు, నీళ్లు పొంగుతాయి.

సగానికే ఆగడం దీనికి తిరగబడిన కథ. కడ్డీలను పట్టి ఉంచే ప్లాస్టిక్ మీద ఉప్పు, నాచు, తడి కలిసి సన్నని పొరలా ఏర్పడతాయి. ఆ పొర మీదుగా కామన్ కడ్డీ (అన్ని సెన్సర్లకూ ఉమ్మడిగా ఉండేది) నుంచి పై కడ్డీకి కరెంటు పారితే, నీళ్లు అంత ఎత్తుకు రాకముందే బోర్డు "నిండింది" అనుకుంటుంది. డాబా మీద ఎండకు టేపు ఊడిన వైరు జాయింట్లు కూడా ఇలాగే చేస్తాయి.

బోర్డు మంచిదో కాదో తేల్చడానికి పది నిమిషాలు చాలు. ఎంసీబీ (లైను వేసి ఆపే బ్రేకర్) ఆపి, సెన్సర్ వైర్లన్నీ బోర్డు నుంచి ఊడదీయండి. ఎంసీబీ వేస్తే మోటారు నడవాలి, ఎందుకంటే బోర్డు లెక్కలో ట్యాంకు ఖాళీ. మళ్లీ ఆపి, కామన్ టెర్మినల్‌ను మిగతా సెన్సర్ టెర్మినళ్లన్నిటితో ఒక తీగ ముక్కతో కలిపి ఎంసీబీ వేయండి. ఇప్పుడు మోటారు ఆగాలి. రెండుసార్లూ మాట విన్న బోర్డును మార్చితే డబ్బు దండగ.

ఇదే సమయంలో ఎలక్ట్రీషియన్ చేత పెట్టె విప్పించి, సెన్సర్ సప్లై ట్రాన్స్‌ఫార్మర్ గుండా వస్తోందో లేదో చూపించుకోండి. కొన్ని నాసిరకం బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్‌తో నేరుగా మెయిన్స్ నుంచే తీస్తారు. అలాంటిదైతే మీ ట్యాంకు నీళ్లకూ కరెంటు లైనుకూ మధ్య అడ్డేమీ లేనట్టే. దాన్ని బాగు చేయించొద్దు, పారేయండి.

కడ్డీలను ట్యాంకు బయటకు తీసి, గ్లాసు వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నాననిచ్చి, గరుకు కాగితంతో రుద్దండి. ప్లాస్టిక్ హోల్డర్‌నూ కడగండి. కడ్డీకి గుంటలు పడితే మాత్రం మార్చాల్సిందే. మామూలు 304 రకం స్టీలు ఉప్పుకు గుంటలు పడుతుంది, 316 అడగండి. ఏసీ సెన్సింగ్ (దిశ మార్చుకుంటూ పారే కరెంటుతో చూసే పద్ధతి) ఉన్న కంట్రోలర్ అయితే కడ్డీలు ఎక్కువ కాలం వస్తాయి.

మీ ఊరి నీళ్లకు నేనైతే కడ్డీలే వద్దంటాను. కేబుల్‌కు వేలాడే ఫ్లోట్ స్విచ్ పెట్టండి. స్విచ్ ప్లాస్టిక్ బుంగ లోపల ఉంటుంది, లోహం ఏదీ నీళ్లకు తగలదు. సాధారణంగా మూడు వైర్లు వస్తాయి. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మల్టీమీటర్‌తోనే తేల్చుకోండి: ఫ్లోట్ కిందికి వేలాడినప్పుడు కలిసి, పైకి లేపినప్పుడు విడిపోయే జతే ట్యాంకు నింపడానికి పనికొచ్చేది. తప్పు జత కలిపితే ఖాళీ ట్యాంకుకు మోటారు నడవదు, నిండిన ట్యాంకుకు ఆగదు.

కేబుల్ మీద జరిపే బరువు ఒకటి ఉంటుంది. బరువుకూ ఫ్లోట్‌కూ మధ్య కేబుల్ ఎంత ఎక్కువ వదిలితే మోటారు ఆగే మట్టానికీ మళ్లీ నడిచే మట్టానికీ అంత ఎక్కువ తేడా. మరీ దగ్గరగా బిగిస్తే, వాడుకున్న ప్రతి రెండు బకెట్లకూ మోటారు లేచి కూర్చుంటుంది. ఫ్లోట్ గోడకు గానీ, నీళ్లు పడే పైపుకు గానీ తగలకూడదు.

మోటారు కరెంటును ఫ్లోట్ గుండా పంపకండి. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 6, 7 ఆంపియర్లు తీసుకున్నా, లేచే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే ఫ్లోట్ లేచినా మోటారు ఆగదు. కాంటాక్టర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) పెట్టి, దాని కాయిల్ లైనును మాత్రమే ఫ్లోట్ గుండా తిప్పండి. ట్యాంకులోకి 230 వోల్టుల వైరు దిగుతోంది కాబట్టి ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపేసే బ్రేకర్) తప్పనిసరి.

ప్రశ్న: విజయనగరంలో పై అంతస్తులో ఉంటున్నాం. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ తరచూ నీళ్లు రావడం లేదని ఎర్రర్ చూపిస్తోంది. అదే కొళాయి కింద బకెట్ పెడితే బాగానే నిండుతోంది!

బకెట్‌కు నీళ్లు వస్తే చాలు, మెషిన్‌కు ఒత్తిడి కూడా కావాలి. పది మీటర్ల ఎత్తు నీళ్లకు దాదాపు ఒక బార్ ఒత్తిడి. చాలా మెషిన్ల మాన్యువళ్లలో కనీసం 0.3 నుంచి 0.5 బార్ అని ఉంటుంది, అంటే మూడు నుంచి ఐదు మీటర్లు. మీ ట్యాంకు మీ నెత్తి మీదే ఉంది. అందులో నీటి మట్టం మెషిన్ వాల్వుకు రెండు మీటర్ల పైన ఉంటే ఒత్తిడి 0.2 బారే.

మెషిన్ వెనకున్న సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే వాల్వు) తలుపును కాయిల్ స్వయంగా లేపదు. అది ఒక సూది రంధ్రాన్ని మాత్రమే తెరుస్తుంది. తలుపుగా ఉండే రబ్బరు డయాఫ్రం (పొర) లేవడం, మళ్లీ కూర్చోవడం నీటి ఒత్తిడి వల్లే. ఒత్తిడి చాలకపోతే సగమే తెరుచుకుంటుంది. కొన్నిసార్లు సరిగా మూసుకోక, మెషిన్ ఆపేశాక కూడా లోపలికి చుక్కలు పడతాయి.

ముందు ఖర్చు లేని పని చేయండి. కొళాయి కట్టి, మెషిన్ వెనక గొట్టం విప్పితే లోపల జల్లెడ కనిపిస్తుంది. ప్లయర్‌తో లాగి, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. కొన్ని గొట్టాలకు కొళాయి వైపు కూడా ఇంకో జల్లెడ ఉంటుంది. తర్వాత గొట్టం కొసను మెషిన్ వాల్వు ఎత్తులోనే పట్టుకుని నింపి చూడండి. నిమిషానికి 5 లీటర్లు కూడా రాకపోతే తప్పు మెషిన్‌ది కాదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రాని ఎర్రర్ సగానికి దిగాక వస్తోందా? అయితే ఇక అనుమానమే లేదు.

ట్యాంకు స్టాండు ఎత్తు పెంచడం మంచి మందు. కానీ తుఫాను గాలులు తెలిసిన ఊరు, మేస్త్రీని అడగకుండా ఎత్తకండి. లేదంటే చిన్న ప్రెషర్ పంపు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఫ్లో స్విచ్‌తో నడిచే పంపు నీళ్లు కాస్త పారితేనే లేస్తుంది. మీ మెషిన్ వాల్వేమో ఒత్తిడి ఉంటేనే తెరుచుకుంటుంది. ఒకదాని కోసం ఇంకొకటి కాచుక్కూర్చుంటాయి. మీరు ప్రెషర్ స్విచ్ (ఒత్తిడి తగ్గగానే పంపును లేపేది) ఉన్న పంపే అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా మెషిన్‌కు దీనికి పూర్తిగా వ్యతిరేకం, నీళ్లు ఆగవు. (రాజాం)

ప్లగ్గు పీకేయండి. అయినా నీళ్లు వస్తుంటే ఇన్‌లెట్ వాల్వులో చెత్త ఇరుక్కుంది. ఆగిపోతే మట్టం చూసే ప్రెషర్ సెన్సర్ వైపు చూడాలి: దానికి వెళ్లే సన్నని గాలి గొట్టం చిట్లిందా, ఊడిందా, కింది గదిలో సబ్బు జిగురు పేరుకుందా అని. గొట్టంలో గాలి నిలవకపోతే ఎన్ని నీళ్లు పోసినా మెషిన్‌కు ఖాళీగానే తోస్తుంది.

ప్రశ్న: పలాసలో జీడి పిక్కలు ఉడికించే చిన్న బాయిలర్ ఉంది. గేజ్ గ్లాసులో (మట్టం చూపే గాజు గొట్టం) ఎప్పుడూ సగం నీళ్లు కనిపిస్తాయి, కానీ లో లెవెల్ అలారం రెండుసార్లు మోగింది. అలారం పాడైందా?

అలారం చెప్పిందే నిజమనుకుని మొదలుపెట్టండి. మరుగుతున్న బాయిలర్ గ్లాసులో నీళ్లు కొద్దిగా ఊగుతూ ఉండాలి. కదలకుండా సగంలోనే నిలిచాయంటే గ్లాసుకు వచ్చే దారి పూడుకుపోయి ఉండొచ్చు.

షిఫ్టుకోసారి ఇలా చేయాలి. గ్లాసు కింది డ్రెయిన్ తెరవండి. నీటి కాక్ (గ్లాసుకు నీళ్లు వచ్చే దారి కొళాయి) మూస్తే డ్రెయిన్ నుంచి ఆవిరి గట్టిగా రావాలి. నీటి కాక్ తెరిచి ఆవిరి కాక్ మూస్తే నీళ్లు రావాలి. చివరికి రెండూ తెరిచి డ్రెయిన్ కట్టేస్తే గ్లాసులో నీళ్లు చటుక్కున లేవాలి. నీరసంగా లేస్తే ఆ దారిలో అడ్డు ఉంది. ముఖానికి గార్డు, చేతికి తొడుగులు లేకుండా కాక్ ముట్టొద్దు.

ఫ్లోట్ ఛాంబర్‌కూ (మట్టం చూసే ఫ్లోట్ ఉండే గది) ఇదే శుద్ధి కావాలి. అడుగున బురద చేరితే ఫ్లోట్ కదలదు, బాయిలర్‌కు నీళ్లిచ్చే ఫీడ్ పంపు లేవదు. ఛాంబర్ డ్రెయిన్ తెరిస్తే ముందు పంపు నడవాలి, ఆ తర్వాత అలారం మోగి, పొయ్యికి గాలి కొట్టే ఫ్యాన్ ఆగాలి. మీది ఫ్లోట్ కాక ఎలక్ట్రోడ్ రకమైతే, నీళ్లలో కరిగిన లవణాలు పెరిగినప్పుడు వచ్చే నురగను కూడా అది నీళ్లనే అనుకుంటుంది. బ్లోడౌన్ (లవణాలు తగ్గడానికి బాయిలర్ నీళ్లు కొంత బయటకు వదలడం) ఎగ్గొట్టొద్దు.

ఇంకో మాట. ఆయిల్ బర్నర్ ఆగితే మంట వెంటనే ఆగుతుంది. మీ పొయ్యిలో మండేది కట్టెలో, జీడి తొక్కో అయితే ఫ్యాన్ ఆగినా నిప్పు మండుతూనే ఉంటుంది. గ్లాసులో నీళ్లు కనిపించకపోతే, పరీక్షించినా తేలకపోతే, పంపు వేయకండి. ఎర్రగా కాలిన పలకకు చల్లని నీళ్లు తగిలితే పలక పగలొచ్చు, ఒక్కసారిగా పుట్టే ఆవిరికి బాయిలరే పేలొచ్చు. తొక్క వేయడం ఆపి, ఫ్యాన్లు ఆపి, డ్యాంపర్ (గాలి దారి మూసే రేకు) మూసి, ఆవిరి వాల్వు కట్టేసి, మనుషుల్ని దూరంగా పంపండి. దానంతట అది చల్లారాక బాయిలర్ తెలిసినవాళ్లు లోపల చూసేదాకా మళ్లీ వెలిగించొద్దు.

ప్రశ్న: 2014 నాటి బైకు. రాత్రి నిలిపితే తెల్లారేసరికి కింద పెట్రోలు మడుగు. (చీపురుపల్లి)

కార్బ్యురేటర్ గిన్నెలోని ఫ్లోట్ కూడా ట్యాంకు ఫ్లోట్ తమ్ముడే. పెట్రోలు నిండగానే లేచి, సూది వాల్వును నొక్కి దారి మూయాలి. సూది కొనకు గీత పడినా, కింద ఇసక రేణువు చిక్కినా మూసుకోదు. ఈ రాత్రికి పెట్రోల్ కాక్ కట్టేయండి. పగలు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గిన్నెను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి, డ్రెయిన్ స్క్రూ విప్పి పెట్రోలును డబ్బాలోకి వదలండి. రేణువే అయితే కొట్టుకుపోవచ్చు.

అయినా కారితే సూది మార్పించండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడవుతోందా, అదీ మార్చాలి. ఫ్లోట్ రేకును అంచనాగా వంచే మెకానిక్‌ను వద్దనండి. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే అది సిలిండర్ గుండా కిందికి దిగినట్టు. ఆయిల్ మార్చేదాకా బండి తీయొద్దు.