2,500 బలగాలా, 2,500 మంది సైనికులా?

సందేహం: అఫ్గానిస్థాన్‌లో అమెరికా సైన్యం ఇంకా ఉండవలసిందా, 2021లో వచ్చేయడమే మేలైందా అనే అంశం మీద మా అబ్బాయి కాలేజీ వ్యాసరచన పోటీకి రాశాడు. '2,500 బలగాలు' అన్నచోట తెలుగు మాస్టారు కొట్టేసి '2,500 మంది సైనికులు' అని దిద్దారు. పేపర్లలో, టీవీల్లో బలగాలనే అంటున్నారు కదా? 'సేనలు ఉపసంహరించుకున్నాయి' అన్న వాక్యం కింద కూడా ఎర్రగీత పెట్టారు. 'అమెరికా పారిపోయింది' అని రాసినందుకు మార్కులు తగ్గించారు. ఇవన్నీ నిజంగా తప్పులేనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మొదటి రెండు దిద్దుబాట్లూ సరైనవే. మూడోది వ్యాకరణానికి సంబంధించింది కాదు.

తెలుగులో మనుషుల్ని లెక్కపెట్టే తీరే వేరు. ఇద్దరు, ముగ్గురు అంటూ ఏడుగురు దాకా వచ్చి, ఆపైన 'మంది' చేరుస్తాం. పుస్తకాలు పది, పిల్లలు పదిమంది. సేన, సైన్యం, దళం, బలగం అనేవి గుంపును చెప్పే మాటలు. వీటి ముందు అంకె పెడితే అది గుంపుల లెక్క అవుతుంది. దళం అనే మాట నక్సలైట్ల ఉద్యమం వల్ల మన పల్లెల్లో అందరికీ తెలుసు. పదిమంది ఉన్నా అది ఒకటే దళం, అందులోని మనిషి దళ సభ్యుడు. 'ఊళ్ళోకి మూడు దళాలు వచ్చాయి' అంటే ముగ్గురు వచ్చారని ఎవరూ అనుకోరు. బలగమూ అంతే, బంధుబలగం అన్నామంటే ఒక్క చుట్టాన్ని కాదు కదా! కురుక్షేత్రంలో పాండవులది 'ఏడు అక్షౌహిణుల సేన' అంటాం. లెక్క అక్షౌహిణులకే, సేన ఒక్కటే. ఇంగ్లీషులో ట్రూప్స్ ముందు అంకె ఉంటే సైనికులనే అర్థం వస్తుంది. ఆ వార్తను హడావుడిగా తెలుగు చేసేటప్పుడు అంకె పక్కన బలగాలు వచ్చి చేరాయి. అంకె లేకుండా 'అమెరికా బలగాలు కాబూల్ విడిచాయి', 'నాటో సేనలు' అనడంలో ఏ దోషమూ లేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మీవాడు రాసిన చర్చ ఆ అంకె చుట్టూనే తిరిగింది. 2010-11లో అక్కడ దాదాపు లక్షమంది అమెరికా సైనికులు ఉండేవారు. తగ్గిస్తూ వచ్చి 2021 జనవరికి ట్రంప్ ప్రభుత్వం ఆ సంఖ్యను 2,500కు దించింది. కనీసం ఆ 2,500 మందినైనా ఉంచాలన్నది తమ అభిప్రాయమని 2021 సెప్టెంబర్‌లో అమెరికా సెనేట్ కమిటీ ముందు, అఫ్గానిస్థాన్ ప్రాంతపు సైన్యాలకు అప్పట్లో అధిపతి అయిన జనరల్ మెకెంజీ, అప్పటి సైనిక దళాల ఉమ్మడి అధిపతి జనరల్ మిల్లీ చెప్పారు. అంత కొద్దిమందితో దేశం నిలబడుతుందని కొందరు, తాలిబన్లు మళ్ళీ దాడులకు దిగితే ఇంకా వేలమందిని పంపక తప్పదని మరికొందరు వాదించారు. '2,500 బలగాలు' అని చదివిన పిల్లవాడికి అది పెద్ద దండులా తోస్తుంది. అది ఎంత తక్కువో తెలియకపోతే వాదన ఏ పక్షానిదైనా అర్థం కాదు.

నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. 2021 ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయం దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికా సైనికులు, వందమందికి పైగా అఫ్గాన్లు చనిపోయారు. '13 బలగాలు మృతి' అని ఎవరైనా రాస్తారా? రాయలేరు. పంపేటప్పుడు, ఉంచాలన్నప్పుడు బలగాలు, ప్రాణం పోయాక మాత్రం 'మంది'! యుద్ధం గురించి రాసేవాళ్లు మొదటి నుంచీ మనుషుల్ని మనుషులుగానే లెక్కపెట్టాలని గట్టిగా కోరుకుంటాను.

ఇక ఉపసంహరణ. ప్రయోగించినదాన్ని ప్రయోగించినవాడే వెనక్కి తీసుకోవడం ఉపసంహరించడం. అర్జునుడు అస్త్రాన్ని ఉపసంహరించాడు, అస్త్రం తనంతట తాను ఉపసంహరించుకోలేదు. అలాగే 'అమెరికా సేనలను ఉపసంహరించుకుంది' అనాలి. తన సొంతదాన్ని తీసుకుంటోంది కనుక 'కొను' చేరి ఆ రూపం స్థిరపడింది. 'ఉపసంహరించింది' అన్నా తప్పు కాదు. సేనలే కర్తగా రాయాలనుకుంటే 'సేనలు వైదొలగాయి' అంటే సరిపోతుంది. అయితే ఈ వ్యాసంలో కర్తను వదిలేయకూడదు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్లతో ఒప్పందం చేసుకుని, 2021 మే 1 కల్లా వెళ్ళిపోతామని మాట ఇచ్చింది ట్రంప్ ప్రభుత్వం. 2021 ఏప్రిల్ 14న సెప్టెంబర్ 11 గడువు ప్రకటించి, తర్వాత దాన్ని ఆగస్టు 31కి మార్చింది బైడెన్. అక్కడ ఈ సైన్యాన్ని నడిపిన నాలుగో అధ్యక్షుణ్ణి తానని, అయిదోవారికి అప్పగించనని ఆ ఏప్రిల్ ప్రసంగంలో ఆయన అన్నాడు. ఎవరి బాధ్యత ఎంత అనే గొడవ ఇంకా తీరలేదు. 'సేనలు ఉపసంహరించుకున్నాయి' అనే వాక్యంలో వీళ్ళిద్దరూ కనిపించరు.

'పారిపోయింది' అన్నది తప్పు తెలుగు కాదు, అది రచయిత తీర్పు. ఉండవలసిందనేవాళ్లు ఆ మాట వాడతారు, రావలసిందే అనేవాళ్లు 'యుద్ధం ముగించింది' అంటారు. పోటీ వ్యాసంలో ఒక పక్షం తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమైన తీరు, విమానాశ్రయంలో జనం తొక్కిసలాట, ఆగస్టు 30 రాత్రి వెళ్ళిన చివరి విమానం, ఇవన్నీ ముందు చెప్పి ఆ తర్వాత ఆ మాట వాడి ఉంటే మార్కులు తగ్గించడం న్యాయం కాదు. ఏదీ చెప్పకుండా మొదటి పేరాలోనే పెట్టి ఉంటే మాస్టారు చేసింది సబబే.